గాలి లేని స్టెప్నీ

ఫ్యాక్టరీల నెట్‌వర్కుల గురించి మాటొస్తే చాలు, మనవాళ్ళు ఠక్కున అనే ముక్కొకటుంది. "దాన్లో రిడండెన్సీ ఉందండీ!" ఎంత ధీమాగా అంటారంటే, ఆపైన ఇంకో ప్రశ్న వెయ్యడం అమర్యాదేమో అనిపిస్తుంది. టెండర్లో ఉంటుంది. డేటాషీట్లో ఉంటుంది. ప్రెజెంటేషన్లో రెండు రంగుల గీతల్తో బొమ్మ కూడా ఉంటుంది. ఈ స్విచ్చి పోతే ఆ స్విచ్చి, ఈ కేబులు తెగితే ఆ కేబులు, ఈ సర్వరు పడుకుంటే ఆ సర్వరు. ఇంకేం కావాలి?

నన్నడిగితే ఒక్కటే కావాలి. మొదటిదాన్ని నా కళ్ళముందు చంపి, రెండోది బతికుందని చూపించాలి. అది చూపించనంతకాలం ఉన్నది రిడండెన్సీ కాదు, డిక్కీలో పడున్న స్టెప్నీ. దాన్లో గాలుందో లేదో ఎవరికీ తెలీదు. కారు కొన్నప్పుడు ఓసారి చూశారేమో, అంతే. టైరు పంక్చరయ్యేది మెకానిక్ షాపు ముందు కాదు కదా. అర్ధరాత్రి, వానలో, ఘాట్ రోడ్డు మీద అవుతుంది. అప్పుడు డిక్కీ తీసి చూస్తే స్టెప్నీ ఉంటుంది, గాలే ఉండదు. ఈ టపాలో నా గోలంతా దీని గురించే.

నేను రాసేదీ సాఫ్ట్‌వేరే. కాకపోతే అది నడిచేది షాపింగు సైట్ల వెనకాల కాదు, కంట్రోల్ రూముల్లో. మన ఐటీ జనానికీ దీంతో సంబంధముందా అనుకుంటున్నారేమో, బోలెడంత ఉంది. ఒకప్పుడు ప్లాంటు నెట్‌వర్కంటే ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళ సొంత వ్యవహారం. ఇప్పుడు అక్కడా ఈథర్నెట్టే, అక్కడా స్విచ్చిలే, సర్వర్లే, వర్చువల్ మెషీన్లే. మన చేతుల్లోకొచ్చింది. మనతోపాటు మన అలవాట్లూ వెళ్ళాయి. చిక్కంతా అక్కడే.

ఆఫీసులో నెట్ ఓ అర నిమిషం ఆగితే ఏమవుతుంది? ఎవడో "నెట్ స్లోగా ఉంది గురూ" అంటాడు, లేచి టీకి పోతాడు. టీసీపీ మహాతల్లి పోయిన ప్యాకెట్లన్నీ మళ్ళీ పంపించి మన పరువు కాపాడుతుంది. ప్లాంటులో ఆ మహాతల్లి లేదు. అక్కడ కంట్రోలరుకీ, దూరంగా మోటార్ల దగ్గర, వాల్వుల దగ్గర కూర్చున్న ఐఓ పెట్టెలకీ మధ్య ప్రతి కొన్ని మిల్లీసెకన్లకోసారి లెక్కప్రకారం డేటా నడవాలి. వరసగా ఇన్నిసార్లు రాకపోతే అవతలివాడు చచ్చినట్టే లెక్క అని ముందే రాసిపెట్టి ఉంటుంది. దాన్ని వాచ్‌డాగ్ అంటారు. అది మొరిగిందంటే ఐఓ పెట్టె ఇంక ఎవరినీ అడగదు, ముందే చెప్పిన స్థితికి వెళ్ళిపోతుంది. సాధారణంగా అంటే మోటారు ఆగుతుంది, వాల్వు మూసుకుంటుంది.

ఆగితే ఆగనీ, మళ్ళీ స్టార్ట్ చేసుకోవచ్చు అనుకోకండి. సిమెంటు ఫ్యాక్టరీలో ఎర్రగా కాలుతున్న కిల్న్ తిరగడం ఆపేస్తే ఆ ఇనప గొట్టం తన బరువుకి తనే వంగిపోతుంది. అందుకే ప్రధాన మోటారు పోయినా నెమ్మదిగా తిప్పుతూ ఉండటానికి వేరే చిన్న డ్రైవు పెట్టుకుంటారు. అలాంటిచోట నెట్‌వర్కు రెప్పపాటు ఆగడమంటే 'రీఫ్రెష్ కొట్టండి' అనే వ్యవహారం కాదు.

సరే, అసలు విషయానికొద్దాం. కాన్ఫిగరేషన్.

ఒక కేబులు తెగినా నెట్‌వర్కు బతకాలంటే ఇంకో దారి ఉండాలి. ఈథర్నెట్‌లో రెండు దారులుంటే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ కొంప ముంచుతాయి గనక, రెండోదాన్ని మూసి ఉంచి, అవసరమైనప్పుడు తెరవాలి. మనకందరికీ కాలేజీలో చెప్పిన స్పానింగ్ ట్రీ చేసేది ఇదే. కాకపోతే పాత స్పానింగ్ ట్రీకి తేరుకోడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ దాన్ని బాగా తగ్గించింది, అయినా ఎంతలో తేరుకుంటుందో గట్టిగా మాటివ్వలేదు. అది నెట్‌వర్కు ఆకారాన్ని బట్టి, ఏది పోయిందన్నదాన్ని బట్టి మారుతుంది. ఆఫీసుకి అది చాలు. ప్లాంటుకి 'సుమారుగా' పనికిరాదు, గరిష్ఠంగా ఎంతో చెప్పాలి.

అందుకని పరిశ్రమల కోసం వేరే పద్ధతులొచ్చాయి. వాటిలో ఎమ్మార్పీ ఒకటి. కిరాణాకొట్టు ఎమ్మార్పీ కాదండోయ్, మీడియా రిడండెన్సీ ప్రోటోకాల్, ఐఈసీ 62439-2 ప్రమాణంలో ఉంటుంది. స్విచ్చిలన్నిటినీ రింగులా కలుపుతారు. వాటిలో ఒకటి మేనేజరు. అది తన రెండు రింగు పోర్టుల్లో ఒకదాన్ని మూసి ఉంచి, రింగు చుట్టూ పరీక్ష ఫ్రేములు పంపిస్తూ ఉంటుంది. అవి తిరిగి రాకపోతే రింగు తెగిందని అర్థం చేసుకుని, మూసిన పోర్టు తెరుస్తుంది. మామూలుగా వాడే సెట్టింగుతో, 50 స్విచ్చిల దాకా ఉన్న రింగులో, గరిష్ఠంగా 200 మిల్లీసెకన్లలో పని పూర్తి. బాగుంది కదా?

ఇప్పుడు వాచ్‌డాగ్ దగ్గరికి రండి. ప్రొఫినెట్‌లో ఐఓ పెట్టెకి 8 మిల్లీసెకన్లకోసారి డేటా పంపేలా పెట్టారనుకుందాం. వరసగా మూడుసార్లు రాకపోతే లింకు పోయినట్టు అన్నది ఎవరూ ముట్టుకోకపోతే ఉండే సెట్టింగు. మూడెనిమిదులు ఇరవైనాలుగు. అంటే 24 మిల్లీసెకన్లకి వాచ్‌డాగ్ మొరుగుతుంది. రింగు తేరుకోడానికి 200 దాకా పట్టొచ్చు. కేబులు తెగినా ప్లాంటు ఆగకూడదని లక్షలు పోసి రింగు పెట్టారు. కేబులు తెగింది. రింగు తన పని తను డేటాషీట్లో చెప్పినట్టే చేసింది. ప్లాంటు మాత్రం ఆ లోపే ఆగిపోయింది! ఎవరిది తప్పంటే ఎవరిదీ కాదు. స్విచ్చి అమ్మినవాడు 200 అన్నాడు, నిలబెట్టుకున్నాడు. కంట్రోలరు ప్రోగ్రాము రాసినవాడు డిఫాల్టు వదిలేశాడు, అదేం నేరం కాదు. ఆ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

దీనికి మందు లేకపోలేదు. మూడుసార్లు అన్నచోట 32 పెడితే 256 మిల్లీసెకన్లవుతుంది, రింగు తేరుకునేదాకా ఆగుతుంది. కానీ పావు సెకనుపాటు గుడ్డిగా నడవడం ఆ యంత్రానికి పర్వాలేదా? ఆ ప్రశ్న నెట్‌వర్కు ఇంజనీరుని కాదు, ఆ యంత్రం నడిపేవాణ్ణి అడగాలి. నీళ్ళ ట్యాంకు మట్టమైతే పర్వాలేదంటాడు. వేగంగా తిరిగే ప్రెస్సయితే చంపేస్తానంటాడు. రిడండెన్సీ కాన్ఫిగరేషనంటే స్విచ్చి వెబ్ పేజీలో టిక్కు పెట్టడం కాదు, ఈ సంభాషణ జరపడం. అది జరిగిన ప్రాజెక్టులు నేను చూసినవాటిలో బహు తక్కువ.

తేరుకునే సమయమే ఉండకూడదనుకునేవాళ్ళకి పీఆర్‌పీ ఉంది, ఐఈసీ 62439-3. సబ్‌స్టేషన్లలో బాగా వాడతారు, ఎందుకంటే అక్కడ బ్రేకరుని ట్రిప్ చెయ్యమనే సందేశాలు 3 మిల్లీసెకన్లలో చేరాల్సిన తరగతిలో ఉంటాయి. ఇందులో రెండు నెట్‌వర్కులు, ఏ, బీ. రెంటికీ సంబంధం ఉండదు. ప్రతి పరికరానికీ రెండు పోర్టులు. పంపేవాడు ప్రతి ఫ్రేమునీ రెంటి మీదా పంపుతాడు, చివర్లో ఆరు బైట్ల తోక తగిలించి అందులో వరస నంబరు వేస్తాడు. అందుకునేవాడు ముందొచ్చిన కాపీ తీసుకుని, రెండోది పారేస్తాడు. ఇక్కడ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడమన్నదే లేదు గనక సమయం సున్నా. నిజంగా అందమైన ఆలోచన. ఇక దీన్ని మనవాళ్ళు ఎన్ని రకాలుగా చెడగొడతారో మచ్చుకి కొన్ని చూడండి.

ఒకటి, ఖాళీ పోర్టు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎవడో పుణ్యాత్ముడు ఏ స్విచ్చికీ బీ స్విచ్చికీ మధ్య ఒక ప్యాచ్ కార్డు వేస్తాడు, 'రెండూ కలిపితే ఇంకా భద్రం కదా' అని. రెండు నెట్‌వర్కులు ఒకటైపోతాయి. ఒకే మ్యాక్ అడ్రసు రెండువైపుల నుంచీ కనబడి స్విచ్చిలు తికమకపడటం ఒకెత్తు, ఏ లో లేచిన తుఫాను తిన్నగా బీ లోకి వెళ్ళడం ఇంకొకెత్తు.

రెండు, ఒక్క పోర్టే ఉన్న సర్వరుని తెచ్చి ఏ కి తగిలిస్తారు. మధ్యలో రెడ్‌బాక్స్ పెడితే అదీ రెంటి మీదా మాట్లాడేది, కానీ దానికి డబ్బులవుతాయి. ఏ పోయిన రోజున పరికరాలన్నీ బీ మీద భేషుగ్గా మాట్లాడుకుంటూ ఉంటాయి, వాటిని చూడాల్సిన సర్వరు ఒక్కటే గుడ్డిదవుతుంది.

మూడు, ఆ ఆరు బైట్ల తోక. దాంతో నిండు ఫ్రేము మామూలు పరిమితి దాటుతుంది. కొన్ని స్విచ్చిలు అలాంటివాటిని నోరెత్తకుండా పారేస్తాయి. పింగ్ చేస్తే చిన్న ప్యాకెట్టు గనక హాయిగా వెళ్ళొస్తుంది. 'పింగ్ వస్తోంది సార్' అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు.

నాలుగు, అన్నిటికంటే ఘోరం. ఏ స్విచ్చీ, బీ స్విచ్చీ ఒకే ప్యానెల్లో, ఒకే యూపీఎస్ మీద, ఒక్కోసారి ఒకే ఎంసీబీ కింద ఉంటాయి. రెండు ఫైబర్లూ ఒకే ట్రేలో చెట్టపట్టాలేసుకుని వెళ్తాయి. ఎందుకంటే ట్రే కొత్తగా వెయ్యాలంటే సివిల్ వాళ్ళని బతిమాలాలి. ఇది మనకి తెలీని కథ కాదు. రెండు కంపెనీల దగ్గర రెండు లీజుడు లైన్లు తీసుకుని, రెండూ రోడ్డు కింద ఒకే గోతిలో వెళ్తున్నాయని జేసీబీ వచ్చి చెప్పేదాకా తెలుసుకోని ఆఫీసులు ఎన్ని లేవు? జేసీబీకి ఏ, బీ తేడా తెలీదు పాపం.

'ఇవన్నీ మన దేశంలో జరిగే చిల్లర పనులు, విదేశాల్లో పద్ధతిగా ఉంటారు' అనేవాళ్ళ కోసం అమెరికాలో అలబామా రాష్ట్రానికి వెళ్దాం. అక్కడ బ్రౌన్స్ ఫెర్రీ అని ఓ అణు విద్యుత్కేంద్రం ఉంది. 1975 మార్చి 22న గోడలో కేబుళ్ళు వెళ్ళే కంతల్లోంచి గాలి కారుతోందా లేదా చూడ్డానికి పనివాళ్ళు కొవ్వొత్తి పట్టుకున్నారు. ఆ కంతలు పూడ్చడానికి వాడిన ఫోమ్ అంటుకుంది. 1600కు పైగా కేబుళ్ళు పాడయ్యాయి. ఒకటి పోతే ఒకటి ఆదుకోవాల్సిన వ్యవస్థల కేబుళ్ళు ఒకే మంటలో కాలిపోయాయి. మొదటి యూనిట్‌కి అత్యవసర శీతలీకరణ పనిచెయ్యకుండా పోతే, ఆపరేటర్లు ఉన్న పంపులతో ఎలాగో నీళ్ళు అందించి గండం గట్టెక్కించారు. ఆ దెబ్బతో 1980లో నిబంధనలు మారాయి. జంట వ్యవస్థల కేబుళ్ళ మధ్య మూడు గంటలు మంటకి తట్టుకునే గోడ ఉండాలి, లేదా మధ్యలో మండే వస్తువేదీ లేకుండా 20 అడుగుల దూరమూ, దాంతోపాటు మంట పసిగట్టి ఆర్పే ఏర్పాటూ ఉండాలి, ఇలాంటివన్నమాట. మన ట్రేలో ఏ కీ బీ కీ మధ్య దూరం ఎంత? ఒక కేబుల్ టై.

అదే కేంద్రం, ముప్పయ్యొక్కేళ్ళ తర్వాత. 2006 ఆగస్టు 19. మూడో యూనిట్‌లో రియాక్టరు గుండా నీటిని తిప్పే పంపులు రెండు, 3ఏ, 3బీ. రెండూ ఒకేసారి పోయాయి. ఆపరేటర్లు రియాక్టరుని చేత్తో ఆపేశారు. ఏమిటా అని చూస్తే, పంపుల వేగాన్ని నియంత్రించే డ్రైవుల కంట్రోలర్లు ఉలుకూపలుకూ లేకుండా ఉన్నాయి. నీటిని శుద్ధి చేసే విభాగంలోని ఒక పీఎల్‌సీ కూడా అప్పుడే పడింది. కారణం ప్లాంటు ఈథర్నెట్‌లో విపరీతమైన ట్రాఫిక్. పీఎల్‌సీ పాడై ట్రాఫిక్ రేపిందా, ట్రాఫిక్ వల్లే పీఎల్‌సీ పడిందా అన్నది మాత్రం తేలలేదు. అమెరికా అణు నియంత్రణ సంస్థ 2007లో దీని మీద మిగతా కేంద్రాలన్నిటికీ సమాచార పత్రం పంపింది.

గమనించండి. పంపులు రెండు, డ్రైవులు రెండు, కంట్రోలర్లు రెండు. కానీ వాటన్నిటినీ కలిపే తీగ వ్యవస్థ ఒకటి. 1975లో మంట చేసిన పనే 2006లో ప్యాకెట్లు చేశాయి. మంటకి గోడ కట్టాలని ఓ తరం నేర్చుకుంది. ప్యాకెట్లకి గోడ కట్టాలని ఇంకో తరం మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సొచ్చింది. ఆ తర్వాతే అక్కడ సున్నితమైన పరికరాల ముందు ఫైర్‌వాళ్ళు పెట్టారు.

ఇంతవరకూ తీగల సంగతి. సాఫ్ట్‌వేరు సంగతి చెప్పకపోతే మనవాళ్ళకి కోపమొస్తుంది.

2003 ఆగస్టు 14, అమెరికాలో ఒహాయో. ఫస్ట్ఎనర్జీ అనే కరెంటు కంపెనీ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2:14 దాటగానే అలారం ప్రోగ్రాము బిగుసుకుపోయింది. అలారాలు రావడం లేదని చెప్పే అలారం లేదు. 2:41కి ఆ ప్రోగ్రాము నడుస్తున్న సర్వరు పడిపోయింది. భయమేముంది, హాట్ స్టాండ్‌బై ఉంది కదా! అది అనుకున్నట్టే అన్ని ప్రోగ్రాములనీ అందుకుంది. బిగుసుకుపోయిన అలారం ప్రోగ్రామునీ, బిగుసుకుపోయిన స్థితిలోనే, భద్రంగా అందుకుంది. పదమూడు నిమిషాల తర్వాత 2:54కి స్టాండ్‌బై కూడా పడిపోయింది.

మన వృత్తిలో ఉన్నవాళ్ళు ప్రింటు తీసి గోడకి అంటించుకోవాల్సిన భాగం ఆ తర్వాతది. ఐటీ సిబ్బంది ప్రధాన సర్వరుని రీబూట్ చేసి 3:08కి లేపారు. ప్రాసెస్‌లన్నీ నడుస్తున్నాయి, డయాగ్నస్టిక్స్ అంతా సవ్యం. పనైపోయింది అనుకున్నారు. అలారాలు వస్తున్నాయా అని కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటర్లని మాత్రం అడగలేదు. అవి రావడం లేదు. 3:05, 3:32, 3:41కి మూడు 345 కేవీ లైన్లు ఒకదాని తర్వాత ఒకటి చెట్లకి తగిలి ట్రిప్పయ్యాయి. బయటినుంచి ఫోన్లు వస్తున్నా, తమ తెర మీద ఏమీ లేదు గనక ఆపరేటర్లకి నమ్మబుద్ధి కాలేదు. తమ తెరే చచ్చిందని గ్రహించేసరికి గంటన్నర కావొచ్చింది. సాయంత్రం నాలుగుంపావు అయ్యేలోపు అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్లమందికి కరెంటు పోయింది. అలారం ప్రోగ్రాములో ఉన్నది ఒక రేస్ కండిషన్ అని తర్వాత కోడు జల్లెడపట్టాక తేలింది.

చెట్లు కొట్టించకపోవడం దగ్గర్నుంచి ఆ రోజు తప్పులు చాలా ఉన్నాయి, మొత్తం నెపం ఒక సర్వరు మీద వెయ్యడం అన్యాయం. కానీ మన పాఠం మనం తీసుకోవాలి. ఒకే కోడు, ఒకే డేటా నడుస్తున్న రెండు సర్వర్లు హార్డ్‌వేరు చెడిపోతే కాపాడతాయి, బగ్గు నుంచి కాపాడవు. ఇంకోటి, ప్రాసెస్ నడుస్తోందంటే పని జరుగుతోందని కాదు. ఈ రెండోది మనకి తెలుసు, తెలిసీ డాష్‌బోర్డు పచ్చగా ఉంటే చాలనుకుంటాం.

ఇక నిశ్శబ్దంగా చచ్చే స్టెప్నీల గురించి. నాకు బాగా తెలిసిన ఒక ఫ్యాక్టరీ ఉంది, పేరు అనవసరం. మా సాఫ్ట్‌వేరు పెట్టడానికి వెళ్ళినప్పుడు నెట్‌వర్కు ప్యానెళ్ళు చూస్తుంటే ఒక స్విచ్చి మీద ఫాల్ట్ లైటు ఎర్రగా వెలుగుతోంది. పక్కనున్న ఎలక్ట్రీషియన్ని అడిగాను.

"ఆ లైటేంటండీ, ఎర్రగా ఉందీ?"

"అది ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది సార్. నేను చేరినప్పట్నుంచీ అంతే."

ఆయన చేరి ఎన్నాళ్ళయిందంటే, రెండేళ్ళు దాటిందన్నాడు. రింగు ఎక్కడో తెగింది. నెట్‌వర్కు రెండేళ్ళకి పైగా రింగులా కాక ఒంటి గొలుసులా నడుస్తోంది. ఇంకొక్క కనెక్టరు ఊడితే సగం ప్లాంటు మాయం. స్విచ్చిలో ఫాల్ట్ రిలే ఉంది, దాని టెర్మినల్‌కి ఒక్క తీగ కూడా వెయ్యలేదు. ఎస్ఎన్ఎంపీ ట్రాపులు పెట్టారు, అవి ఎప్పుడో తీసిపారేసిన సర్వరు అడ్రసుకి పోతున్నాయి. పాపం ఆ స్విచ్చి రెండేళ్ళుగా అరుస్తూనే ఉంది, వినేవాడే లేడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ కుక్క అప్పుడే మొరిగింది, ఇంట్లోవాళ్ళే ఇల్లు మారిపోయారు. మేనేజరుగారికి చెబితే ఆయనన్న మాట: "నడుస్తోంది కదయ్యా, ఇప్పుడెందుకు కెలకడం?"

'రెండూ ఒకేసారి పోతాయా ఏంటి' అనేవాళ్ళు చిన్న లెక్క చేసి చూడండి. మొదటిది పోగానే తెలిసి, ఎనిమిది గంటల్లో బాగుచేశామనుకోండి. రెండోది ఆ ఎనిమిది గంటల్లోనే పోతేనే ముప్పు. మొదటిది పోయిన సంగతి ఏడాదిపాటు తెలీలేదనుకోండి, రెండోది ఆ 8760 గంటల్లో ఎప్పుడు పోయినా చాలు. ముప్పు ఉండే కాలం వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. అదే స్విచ్చిలు, అదే కేబుళ్ళు, అదే బిల్లు. రెండు ఉండటంలో లేదు బలం, ఒకటి పోయిందని తెలుసుకోవడంలో ఉంది. రిడండెన్సీ చేసే ద్రోహమే ఇది. ఒంటి కేబులైతే తెగినరోజే అందరికీ తెలుస్తుంది. జంట కేబులు మొదటి చావుని దాచిపెడుతుంది.

ఇప్పుడు మామూలుగా వినపడే అభ్యంతరాలు.

'నడిచే ప్లాంటులో కేబుళ్ళు పీకి చూడమంటావా, ఉద్యోగం ఊడుతుంది' అంటారు. నడిచే ప్లాంటులో పీకమని ఎవరన్నారు? పరికరాలు ఇంకా అమ్మేవాడి షెడ్డులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్టు ఉంటుంది, అప్పుడు పీకండి. సైటుకొచ్చాక, ఉత్పత్తి మొదలవ్వకముందు పీకండి. ఆ తర్వాత ఏ ప్లాంటుకైనా మెయింటెనెన్స్ షట్‌డౌన్ ఉంటుంది, అప్పుడు పీకండి. షట్‌డౌన్లో బేరింగులకి గ్రీజు పెట్టడానికి టైముంటుంది, ఫైర్ పంపు ఓసారి నడిపి చూడ్డానికి టైముంటుంది, నెట్‌వర్కుకి మాత్రం ఉండదు. ఎందుకంటే అది మూలలో గాజు తలుపు వెనక మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, శబ్దం చెయ్యదు. ఇంకో సంగతి. సినిమాలు ఆగకూడదని నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు నడుస్తున్న సర్వర్లని కావాలని పడగొట్టే కేయాస్ మంకీ రాసుకున్నారని మనం కాన్ఫరెన్సుల్లో చప్పట్లు కొట్టాం. సినిమాకున్న పాటి శ్రద్ధ బాయిలరుకి వద్దా?

'వెండరు సర్టిఫికెట్ ఉంది, మాన్యువల్లో రాసుంది' అంటారు. దీనికి జవాబు టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజి. అది ఫ్యాక్టరీ కాదు, కానీ జబ్బు ఇదే. 2020 అక్టోబరు 1న అక్కడ ఒక స్టోరేజి పరికరంలో మెమరీ చెడింది. రెండోది వెంటనే అందుకోవాలి, అందుకోలేదు. ఎందుకంటే ఆ మార్పిడి సెట్టింగు ఆఫ్‌లో ఉంది. పాత వెర్షన్లో ఆఫ్‌లో ఉన్నా కొన్ని సెకన్ల తర్వాత మారిపోయేది. కొత్త వెర్షన్లో ఆ ప్రవర్తన మారింది, మాన్యువల్లో మాత్రం పాత మాటే ఉండిపోయింది. ఆ రోజంతా ట్రేడింగు బంద్. నవంబరు చివర్లో ఎక్స్ఛేంజి అధ్యక్షుడు రాజీనామా చేశారు. అంత పేరున్న సంస్థ, అంత పేరున్న వెండరు. ఆ వెర్షను మారినప్పుడు ఒక్కసారి ఆ మెమరీ చెడినట్టు పరీక్ష పెట్టి ఉంటే బయటపడేది.

'ఇదంతా ఖర్చు' అంటారు. ఇదొక్కటి కొంతవరకూ నిజం. వేరే ట్రే, వేరే యూపీఎస్, రెడ్‌బాక్సులు, అన్నీ ఖర్చే. అలాంటప్పుడు నిజాయితీగా 'మాకు ఒకటే నెట్‌వర్కు ఉంది, అది పోతే ప్లాంటు ఆగుతుంది' అని రాసుకోండి. నేనేం తప్పుపట్టను. చాలాచోట్ల అది సరైన నిర్ణయం కూడా. ఒకటే ఉందని తెలిస్తే జాగ్రత్తగా చూసుకుంటారు, స్పేరు స్విచ్చి కాన్ఫిగర్ చేసి బీరువాలో పెట్టుకుంటారు. రెండున్నాయనే భ్రమలో ఉన్నవాడికి ఆ జాగ్రత్త కూడా ఉండదు. పైగా రెండోది పెట్టడమంటే కొత్త సెట్టింగులు, కొత్త తప్పులు. రింగు మేనేజరుని సెట్ చెయ్యకముందే రింగు చివరి కేబులు తగిలించి, ప్లాంటంతా బ్రాడ్‌కాస్ట్ తుఫానులో ముంచిన ఘనులున్నారు. ఒంటి గొలుసు నెట్‌వర్కులో ఆ ప్రమాదమే లేదు.

కాబట్టి నేను కోరేది పెద్దదేం కాదు. ఈ రంగంలో ఉన్న మనవాళ్ళు రిడండెన్సీ టెస్టు కాయితం మీద సంతకం పెట్టేముందు కొన్ని పనులు చేయించాలి. ప్రతి కేబులూ ఒక్కొక్కటిగా పీకించాలి. ప్రతి స్విచ్చికీ కరెంటు తీయించాలి, రింగు మేనేజరుతో సహా. పీకినప్పుడే కాదు, తిరిగి తగిలించినప్పుడు కూడా ఏమవుతుందో చూడాలి, చాలా తిక్కలు అప్పుడే బయటపడతాయి. ఒక యూపీఎస్ ఆపి రెండో నెట్‌వర్కు ఉందో లేదో చూడాలి. ఒకవైపు కావాలని ట్రాఫిక్ తుఫాను లేపి, రెండోవైపు తడవకుండా ఉందో లేదో చూడాలి. ప్రతిసారీ ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో, ఐఓ పెట్టెలు ఏమన్నాయో రాయించాలి. 'ఓకే' అని రాస్తే ఒప్పుకోకూడదు, అంకె ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతిసారీ ఆపరేటరు తెర మీద అలారం వచ్చిందో లేదో ఆయన కుర్చీ పక్కన నిలబడి అడగాలి. అలారం రాని రిడండెన్సీని ఫెయిలైన టెస్టుగానే లెక్కెయ్యాలి, డేటా ఎంత చక్కగా మారినా సరే. ఈ మొత్తం తంతు ప్రతి షట్‌డౌన్లో మళ్ళీ జరగాలి. ఫర్మ్‌వేరు మారినప్పుడల్లా జరగాలి.

మేనేజర్లు విసుక్కుంటారు. 'ఈ సాఫ్ట్‌వేరు వాళ్ళకి పనిలేదు' అంటారు. ప్రాజెక్టు రెండ్రోజులు ఆలస్యమైందని మెయిళ్ళు తిరుగుతాయి. తిరగనివ్వండి. ఆ కంట్రోల్ రూములో రాత్రి షిఫ్టులో ఒక్కడే కూర్చునే మనిషికి, బాయిలరు పక్కన నిలబడి పనిచేసే మనిషికి మన బొమ్మలోని రెండు రంగుల గీతలు కనబడవు. రెండోది ఉందని మనం చెప్పిన మాట నమ్మి వాళ్ళు అక్కడ ఉన్నారు. చూసి చెబుతున్నామా, చూడకుండా చెబుతున్నామా అన్నది మన చేతిలో ఉంది. చూడనివాటి మీద సంతకం పెట్టకండి.